ఫోటో వెనక రాత

మా మేనత్త ఫోటో ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో ఉండేది. మగపెళ్ళివాళ్ళకి పంపడానికి ఆమె పందొమ్మిదో ఏట తీయించిన ఫోటో. స్టూడియో తెర మీద రంగులతో వేసిన మేడమెట్లు, పక్కన స్టూలు మీద కాగితం పూలు, మెడలో కాసులపేరు. వెనక తాతయ్య చేతిరాతలో వయసు, ఎత్తు, గోత్రం, నక్షత్రం, "చామనఛాయ" అని ఉన్నాయి. పేరు మాత్రం లేదు. ఎన్ని ఇళ్ళకి వెళ్ళి తిరిగొచ్చిందో, మూలలు నలిగిపోయి ఉన్నాయి.

ఫోటోలో ఉన్న మనిషి ఎవరో చెప్పే హక్కు ఎవరిది? తీసినవాళ్ళదా, తీయించినవాళ్ళదా, దిగినవాళ్ళదా? 1990ల నుంచి మన దేశంలో కొందరు స్త్రీలు కెమెరాతో చేసిన పని చూసినప్పుడల్లా నాకు ఆ వెనక రాత గుర్తొస్తుంది. వాళ్ళు చేసినదేమిటో అర్థం కావాలంటే అంతకు ముందున్న చరిత్ర కొంత తెలియాలి.

1857 తిరుగుబాటు తర్వాత, తాము పాలిస్తున్న జనం ఎవరో తెలుసుకోవాలన్న ఆత్రం బ్రిటిష్ ప్రభుత్వానికి ఎక్కువైంది. 1868 నుంచి 1875 వరకు 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. నాలుగు వందలకు పైగా ఫోటోలు. చాలావాటి కింద కనిపించేది మనిషి పేరు కాదు, కులం పేరో తెగ పేరో. దానితోపాటు వాళ్ళ స్వభావం ఇలాంటిదని తీర్పు కూడా. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణాది కులాల, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చాడు. ఆయన మనుషుల తలలూ ముక్కులూ పరికరాలతో కొలిపించి లెక్కలు రాయించాడు. మన తెలుగు కులాలూ తెగలూ ఆ పుటల్లో ఉన్నాయి.

మనుషుల్ని ఇలా జాతులుగా విడగొట్టి చూడటం పుస్తకాలతో ఆగలేదు. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాల్ని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1952లో చట్టం రద్దయింది. ఆ ముద్ర మాత్రం మనుషుల్ని వదల్లేదు.

అత్తయ్య ఫోటో వెనక రాతకీ ఈ రాతకీ పోలిక ఉంది. తేడా కూడా ఉంది, దాన్ని దాటేసి మాట్లాడకూడదు. గోత్రం రాసిన ఆ కాగితం అత్తయ్యని సంబంధాల బేరంలోకి పంపింది. ప్రభుత్వ రికార్డు ఎరుకల స్త్రీని పోలీసు హాజరుపట్టీలోకి పంపింది.

కెమెరా వెనక ఆడమనిషి ఉంటే సరిపోతుందా? 1892లో లాలా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. మగవాళ్ళ కంట పడకుండా ఫోటో దిగే వీలు ఆడవాళ్ళకి దొరికింది. చిన్న సంగతి కాదు. కానీ అది పరదాకి లోబడి దొరికిన వీలే.

దాదాపు వందేళ్ళ తర్వాత షీబా ఛాఛీ ఈ ప్రశ్నని ఇంకోవైపు నుంచి పట్టుకుంది. 1980లలో ఢిల్లీలో వరకట్న హత్యలకి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో ఆమె ఫోటోలు తీసింది. ఆమె కూడా ఆ ఉద్యమంలో మనిషే. అయినా పిడికిలి బిగించి అరుస్తున్న స్త్రీ ఫోటో, ఆ స్త్రీని ఒక నినాదంగా మార్చేస్తోందని ఆమెకి అనిపించింది. 1990-91లో ఏడుగురు కార్యకర్తల దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఎక్కడ కూర్చోవాలి, ఏం కట్టుకోవాలి, పక్కన ఏ వస్తువులు పెట్టుకోవాలి అన్నవి వాళ్ళతో కలిసి నిర్ణయించింది. కట్నానికి కూతుర్ని పోగొట్టుకుని దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగిన సత్యరాణి ఆ ఏడుగురిలో ఒకరు. పాత ఊరేగింపు ఫోటోలూ ఈ కొత్తవీ కలిసి 'సెవెన్ లైవ్స్ అండ్ ఎ డ్రీమ్' అయ్యాయి.

బెంగుళూరుకి చెందిన పుష్పమాల ఎన్. తీసుకున్న దారి వేరు. ఫోటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య 'నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా' చేసింది. రవివర్మ లక్ష్మి, వెన్నెల్లో కూర్చున్న స్త్రీ, బిజాపూర్ చిత్రంలోని యోగిని, కొలతల కోసం గళ్ళ తెర ముందు నిలబెట్టిన తోడా స్త్రీ, దొంగతనం ఆరోపణతో పత్రికకెక్కిన స్త్రీలు - ఈ వేషాలన్నీ తనే వేసింది. దేవత నుంచి దొంగ దాకా ఒకే ముఖం కనపడేసరికి మనకి నవ్వొస్తుంది. 'అచ్చమైన దక్షిణాది స్త్రీ' అనేది తెర, నగ, దీపాలు, భంగిమ కలిపి తయారుచేసిన సరుకని అప్పుడు తెలుస్తుంది.

నాకు ఆ ఫోటోలు ఇష్టం. అయినా ఒక ప్రశ్న వదలదు. షూటింగు అయ్యాక పుష్పమాల వేషం తీసేసి ఇంటికెళ్ళగలదు. 'దొంగ' అన్న మాటని పుట్టుకతో మోసిన మనిషి ఎక్కడికెళ్ళి దాన్ని తీసేయాలి? వెక్కిరింపు ముద్రని బద్దలు కొడుతుంది, నిజమే. కానీ ముద్రపడ్డ మనిషి మాట అందులో వినపడదు.

అందుకే దయానితా సింగ్ పుస్తకం 'మైసెల్ఫ్ మోనా అహ్మద్' (2001) నాకు ముఖ్యమనిపిస్తుంది. 1989లో ఒక లండన్ పత్రిక కోసం ఢిల్లీ హిజ్రాల ఫోటోలు తీస్తుండగా ఆమెకి మోనా పరిచయమైంది. ఆ ఫోటోలు లండన్‌లో అచ్చవుతాయని తెలియగానే, అక్కడ తన బంధువులున్నారు, ఫిల్ము ఇచ్చెయ్యమంది మోనా. దయానిత ఇచ్చేసింది. ఆ ఇచ్చెయ్యటంతో ఏళ్ళ తరబడి సాగిన స్నేహం మొదలైంది. పుస్తకంలోని మాటలు, శ్మశానంలో ఇల్లు కట్టుకున్న మోనా తన ప్రచురణకర్తకి ఈమెయిళ్ళుగా చెప్పి రాయించినవే. మోనా 2017లో చనిపోయింది. ఆమె ఎవరో ఆమె మాటల్లోనే మిగిలింది.

నేను ఇక్కడ చూసేది ఫోటో తీసే నేర్పుని కాదు. వద్దన్నప్పుడు ఫిల్ము తిరిగిచ్చిన చేతిని. వద్దనే హక్కు లేనిచోట 'ఇది నా ఫోటో' అనటం కుదరదు.

కిందటేడు అత్తయ్య ఫోటో ఆమెకే తీసుకెళ్ళి ఇచ్చాను. ఎనభై దాటింది. అద్దాలు పెట్టుకుని వెనకవైపు చాలాసేపు చదువుకుంది. "ఏమైనా రాయనా అత్తయ్యా?" అన్నాను.

"నా పేరు రాయవే. ఆ కాసులపేరు పక్కింటివాళ్ళదని కూడా రాయి."

రెండూ రాశాను.