ఊరు తిన్నాకే అంగడికి

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో తెలుగునాట పేదింటికి చేరింది. ఎన్టీఆర్ పథకం ఆకలి తీర్చిన మాట నిజం. అయితే అప్పటి మెదక్ జిల్లా పడమటి కొసన, జహీరాబాద్ చుట్టుపక్కల దానికి ఇంకో ఫలితమూ కనిపించింది. నీటి వసతి లేని ఆ ఎర్ర చెలకల్లో వరి పండదు, జొన్న పండుతుంది. బియ్యం అంత చవగ్గా దొరుకుతుంటే జొన్న విత్తి, కోసి, కొట్టి, విసిరి, రొట్టె చేసుకునే ఓపిక ఎవరికుంటుంది? దళితులకు సర్కారు పంచిన భూములు ఎలాగూ రాళ్లూరప్పలే. అవి బీడు పడ్డాయి.

సరిగ్గా అదే ఏడాది పస్తాపూర్ కేంద్రంగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేశారు. 2023 మార్చిలో కన్నుమూశారు. నగరాల్లో వెలసిన ఆర్గానిక్ స్టోర్ల కథ ఎవరైనా ఏసీ గదుల్లోంచి మొదలుపెడితే నాకు నచ్చదు. ఈ సొసైటీ నీడన ఊళ్లలో ఏర్పడిన సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులే, దుకాణం సంగతి ఆలోచించకముందే గాదె నింపుకున్నారు.

ఆ గాదె కథ 1990ల మధ్యలోది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో సుమారు 30 ఊళ్లలో 2,500 ఎకరాలకు పైగా బీళ్లను సాగులోకి తెచ్చారు. దున్నకానికి, పెంట తోలడానికి, విత్తనానికి రైతులకు అప్పు ఇచ్చారు. తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జొన్నల్లో, అదీ కొన్నేళ్లపాటు. వచ్చిన గింజ ఊరు దాటలేదు. పేడా మట్టీ అలికిన గుమ్ముల్లో వేపాకు, బూడిద కలిపి ఊళ్లోనే దాచారు. పనులు దొరకని వానాకాలంలో బజారు ధర కంటే తక్కువకు పేదలకు అమ్మారు. మరి పేదలెవరు? ఆ లెక్క తేల్చింది ఏ ఆఫీసూ కాదు. ఊరంతా ఒకచోట కూర్చుని, నేల మీద ఊరి పటం గీసి, ఎవరింట్లో ఎంత కరువుందో వాళ్లే తేల్చారు. రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ పద్ధతి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

చేను కూడా అంగడి కోసం వేసింది కాదు. జొన్న, కంది, అనుములు, బెబ్బర్లు, తైదలు, నువ్వులు, గట్టున పుంటికూర – ఎకరంలో డజనుకు పైగా పంటలు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొస్తుంది. ముందు ఇంటికి, తర్వాత ఊరికి, మిగిలితే బయటికి. ఆ మిగులే జహీరాబాద్‌లో సంఘం దుకాణానికీ, చిరుధాన్యాల హోటల్‌కూ, హైదరాబాద్ కాలనీలకు తిరిగిన వ్యాన్‌కూ సరుకైంది. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

ఇక సేంద్రియ పంట లేబుల్ సంగతి. ఎగుమతుల్ని దృష్టిలో పెట్టుకుని 2001లో కేంద్రం తెచ్చిన ధ్రువీకరణలో బయటి సంస్థ వచ్చి తనిఖీ చేస్తుంది. దాని ఖర్చు, కాగితాల బరువు చిన్న రైతుకు మోయలేనివి. దానికి బదులుగా వచ్చిందే పీజీఎస్, అంటే పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్. ఇందులో రైతులు బృందంగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తిరిగి చూస్తారు. దేశంలో దీనికి తొలి అడుగులు వేసినవాళ్లలో జహీరాబాద్ సంఘాలూ ఉన్నాయి. ఎప్పుడో వచ్చే ఇన్‌స్పెక్టర్ కన్నుగప్పొచ్చేమో గానీ, రోజూ గట్టు మీద నడిచే పక్క చేను అక్కను ఏమార్చడం కష్టం.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకుంది. దానికి ముందే కొర్రలు, సామలు, ఊదలు డాక్టర్ల చీటీల్లోకి, అక్కణ్నుంచి అద్దాల అలమరల్లోకి ఎక్కాయి. పేదల తిండిగా చిన్నచూపు చూసినవే ఇప్పుడు సన్నబియ్యం కంటే ప్రియం. రైతుకు ఆ ధరలో ఎంత చేరుతోందన్న ముక్క మాత్రం ప్యాకెట్ మీద ఉండదు. కాబట్టి అడగాల్సింది దుకాణదారునే: ఏ ఊరి గింజ, ఏ కారు పంట, ఎప్పుడు మర పట్టించారు? చివరి ప్రశ్న వంటింటిది కూడా. పొట్టు తీసిన కొర్ర బియ్యం, విసిరిన సజ్జపిండి ఎక్కువ రోజులు ఆగవు, ముక్కిపోయి చేదెక్కుతాయి. చవగ్గా వస్తుందని పది కిలోలు మోసుకొచ్చి సగం పారబోసే బదులు, ఇంటి నుంచి సంచి పట్టుకెళ్లి రెండు వారాలకు సరిపడా తెచ్చుకుంటే చాలు. గింజగా ఉన్న జొన్నలైతే ఎక్కువ కొన్నా నష్టం లేదు, ఎండబెట్టి వేపాకు వేస్తే నిలవుంటాయి.