వెబ్ మ్యాప్ పోర్టళ్లలో లేయర్లు, సేవల నిర్వహణ: చరిత్ర

భౌగోళిక సమాచారాన్ని సర్వర్ మీద లేయర్లుగా ఉంచి, ఎవరు చూడవచ్చో ఎవరు మార్చవచ్చో నిర్ణయించి, ఏ లేయర్ ఎవరిది, ఎప్పటిది అన్న వివరాలు రాసిపెట్టి, అడిగినవారికి అది ఆగకుండా అందేలా చూసే పనిని వెబ్ మ్యాప్ నిర్వహణ అంటారు. రోడ్లు, చెరువులు, గ్రామ సరిహద్దులు, ఉపగ్రహ చిత్రాలు వేటికవే లేయర్లు. లేయర్‌ను నెట్‌లో ఒక చిరునామా మీద అందించే ఏర్పాటు సేవ. లేయర్లూ సేవలూ వాటి వివరాలూ ఒకేచోట వెతుక్కోగలిగే స్థలం పోర్టల్. ఈ మూడూ వేర్వేరుగా పుట్టి, క్రమంగా ఒక దారికి వచ్చాయి.

పూర్వరంగం

పారదర్శక కాగితాల మీద వేర్వేరు అంశాలు గీసి, ఒకదానిపై ఒకటి పరిచి చూడటం కంప్యూటర్ల కన్నా పాత పద్ధతి. మన దేశంలో 1767లో సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడినప్పటి నుంచి రెండు శతాబ్దాలకు పైగా పటం అంటే కాగితమే, దాని నిర్వహణ అంటే రికార్డు గదే. 1960లలో రోజర్ టామ్లిన్సన్ చొరవతో కెనడా ప్రభుత్వం భూమి వివరాలను కంప్యూటర్‌లో లేయర్లుగా ఎక్కించింది. 1969లో ఇయాన్ మెక్‌హార్గ్ ‘డిజైన్ విత్ నేచర్’ పుస్తకం పొరల పద్ధతిని ప్రణాళికా రంగంలో ప్రచారంలోకి తెచ్చింది. అదే ఏడాది జాక్, లారా డేంజర్‌మండ్ దంపతులు కాలిఫోర్నియాలోని రెడ్‌లాండ్స్‌లో ఎస్రీ సంస్థను స్థాపించారు.

తొలి సర్వర్లు (1993–1999)

1993 జూన్‌లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో స్టీవ్ పుట్జ్ తయారుచేసిన మ్యాప్ వ్యూయర్‌తో వెబ్ మ్యాప్ చరిత్రను మొదలుపెట్టడం ఆనవాయితీ. క్లిక్ చేసిన ప్రతిసారీ సర్వర్ కొత్త చిత్రం గీసి పంపేది. లేయర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కాబట్టి, నిర్వహణ అని విడిగా చెప్పుకోవాల్సిన పనేమీ ఉండేది కాదు. 1994లో కెనడా జాతీయ అట్లాస్ విభాగం తెచ్చిన నైస్‌మ్యాప్‌లో చూసేవారే లేయర్లను ఎంచుకుని పటం కూర్చుకునే వీలు కలిగింది.

1994కు మరో రెండు కారణాల వల్ల ప్రాధాన్యం ఉంది. ఆ ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 12906వ కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. కొత్తగా సేకరించే ప్రతి భౌగోళిక సమాచారానికీ నిర్ణీత పద్ధతిలో వివరాలు, అంటే మెటాడేటా, రాయాలనీ, అవి అందరికీ దొరికే వ్యవస్థ ఉండాలనీ అది ఫెడరల్ సంస్థలను ఆదేశించింది. అదే ఏడాది ఓపెన్ జీఐఎస్ కన్సార్షియం ఏర్పడింది. తర్వాత ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం (ఓజీసీ) అయిన ఈ సంస్థే ఆ పైన వచ్చిన చాలా ప్రమాణాలకు పుట్టిల్లు.

1990ల మధ్యలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, నాసా సహకారంతో నడిచిన అటవీ సమాచార ప్రాజెక్టు నుంచి మ్యాప్‌సర్వర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని ప్రధాన రూపకర్త స్టీవ్ లైమ్. ఇందులో పటం మొత్తాన్నీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్ నడుపుతుంది. దాన్ని మ్యాప్‌ఫైల్ అంటారు. ఏ లేయర్‌కు డేటా ఎక్కడుంది, ఏ రంగు వేయాలి, ఏ స్కేలు దగ్గర కనిపించాలి, ఎక్కడ మాయమవాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. కంటితో చదవగలిగే ఫైలు కనుక ఒకరు రాసింది మరొకరు దిద్దుకోగలరు.

1996 ఫిబ్రవరిలో మ్యాప్‌క్వెస్ట్ సామాన్యులకు దారులు చూపడం మొదలుపెట్టింది. 1998 జూన్‌లో మైక్రోసాఫ్ట్, అమెరికా భూగర్భ సర్వే సంస్థతో కలిసి టెర్రాసర్వర్‌ను ప్రారంభించింది. జిమ్ గ్రే బృందం అందులో విమాన చిత్రాలను ముందే చిన్న చతురస్రాలుగా, అంటే టైళ్లుగా, కోసి డేటాబేస్‌లో పెట్టింది. టైళ్ల పద్ధతి గూగుల్‌తో మొదలైందన్న వాడుక మాట ఈ కారణంగా పూర్తిగా సరికాదు.

డబ్ల్యూఎంఎస్ ప్రమాణం (1997–2005)

అప్పటిదాకా ఒక సర్వర్ పటం మరో సర్వర్ పటం మీద కూర్చునేది కాదు. సంస్థకో పద్ధతి, కంపెనీకో భాష. 1997లో అలన్ డాయిల్ ప్రతిపాదించిన ఉమ్మడి పద్ధతిని 1999లో ఓజీసీ వెబ్ మ్యాపింగ్ టెస్ట్‌బెడ్ పేరుతో పరీక్షించింది. 2000లో వెబ్ మ్యాప్ సర్వీస్ (డబ్ల్యూఎంఎస్) 1.0.0 వెలువడింది. 2002లో 1.1.1, 2004లో 1.3.0 వచ్చాయి. 2005లో అది ఐఎస్ఓ 19128 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది.

డబ్ల్యూఎంఎస్ సర్వర్‌ను ప్రధానంగా మూడు ప్రశ్నలు అడగవచ్చు. ‘గెట్‌మ్యాప్’ అంటే ఫలానా లేయర్లు, ఫలానా హద్దుల మధ్య, ఇన్ని పిక్సెళ్ల చిత్రంగా పంపమని. ‘గెట్‌ఫీచర్‌ఇన్ఫో’ అంటే వేలు పెట్టిన చోట ఏముందో చెప్పమని. ‘గెట్‌కేపబిలిటీస్’ అంటే అసలు నీ దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పమని. మొదటిదానికి పేరు ఎక్కువ, మూడోదానికి విలువ ఎక్కువ. లేయర్ల పేర్లు, శీర్షికలు, హద్దులు, ప్రొజెక్షన్లు, బాధ్యుల చిరునామా అన్నీ సర్వరే ఎక్స్ఎంఎల్‌లో చెప్పుకోవడం దీనితో మొదలైంది. నిర్వాహకులు శ్రద్ధగా నింపితే ఆ జాబితా కరదీపిక. బద్ధకించి ‘లేయర్1’, ‘కొత్త_లేయర్_చివరిది’ అని వదిలేస్తే దాన్ని చూసి ఎవరికీ ఏదీ అర్థం కాదు.

1.3.0తో ఒక చిక్కు కూడా వచ్చింది. 1.1.1లో హద్దులు చెప్పేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. 1.3.0లో, ఈపీఎస్‌జీ 4326 అనే సాధారణ నిర్దేశాంక వ్యవస్థకు, ఆ వరుస తిరగబడింది. హైదరాబాద్ సుమారు 17.4 ఉత్తర అక్షాంశం, 78.5 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. పాత వరుస అలవాటైన సాఫ్ట్‌వేర్ ఈ రెంటినీ తారుమారు చేస్తే నగరం నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల మీద పడుతుంది. విజయవాడ మరికాస్త ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. లేయర్ ఖాళీగా కనిపిస్తోందని ఫిర్యాదు వస్తే అనుభవమున్నవారు ముందు చూసేది వెర్షన్ నంబరే.

లేయర్ల రంగులు, గీతలు నిర్దేశించే ఎస్ఎల్‌డీ, చిత్రం బదులు అసలు డేటానే పంపే వెబ్ ఫీచర్ సర్వీస్ (డబ్ల్యూఎఫ్ఎస్) 2002లో వచ్చాయి. డబ్ల్యూఎఫ్ఎస్ దూరం నుంచే డేటా మార్చే వీలునూ ఇచ్చింది. దానితో ఎవరికి రాసే హక్కు ఉందన్న ప్రశ్న నిర్వాహకుల మీద పడింది. ఇదే కాలంలో ఎస్రీ ఆర్క్‌ఐఎంఎస్‌ను (2000), న్యూయార్క్‌లోని ఓపెన్ ప్లానింగ్ ప్రాజెక్ట్ జియోసర్వర్‌ను (2001) తెచ్చాయి. వర్క్‌స్పేస్, స్టోర్, లేయర్, స్టైల్ అని జియోసర్వర్ వేసిన అంచెల అమరిక నేటికీ చాలా కార్యాలయాల్లో వాడుక భాష.

టైళ్లు, క్యాష్ (2005–2010)

2005 ఫిబ్రవరి 8న గూగుల్ మ్యాప్స్ వచ్చింది. దాని మూలం లార్స్, యెన్స్ రాస్ముస్సెన్ సోదరులు మరో ఇద్దరితో కలిసి ఆస్ట్రేలియాలో పెట్టిన వేర్ 2 టెక్నాలజీస్. పటాన్ని 256 × 256 పిక్సెళ్ల చతురస్రాలుగా ముందే గీసి ఉంచడం వల్ల చేత్తో జరిపినంత తేలిగ్గా పటం కదిలింది. క్లిక్కుకో చిత్రం గీసే పాత పోర్టళ్లు ఒక్కసారిగా నెమ్మదిగా అనిపించాయి.

వేగంతో పాటు కొత్త లెక్కలు వచ్చాయి. జూమ్ ఒక మెట్టు పెరిగితే టైళ్లు నాలుగింతలు. సున్నా మెట్టులో ప్రపంచమంతా 1 టైలు, 10వ మెట్టులో 10,48,576, 18వ మెట్టులో సుమారు 6,872 కోట్లు. అన్నీ ముందే గీయడం జరిగే పని కాదు. ఏ ప్రాంతానికి ఎన్ని మెట్లు ముందే గీయాలి, మిగతావి అడిగినప్పుడు గీయాలా అన్నది నిర్వాహకుల నిర్ణయమైంది. మూల డేటాలో రోడ్డు దిద్దినా పాత టైలు క్యాష్‌లో, అంటే గీసి ఉంచిన టైళ్ల నిల్వలో, ఉన్నంతకాలం తెర మీద పాత రోడ్డే కనిపిస్తుంది. దిద్దిన హద్దుల మేరకు క్యాష్ ఖాళీచేసి మళ్లీ గీయించడం అప్పటి నుంచి రోజువారీ పని. 2010లో ఓజీసీ వెబ్ మ్యాప్ టైల్ సర్వీస్ (డబ్ల్యూఎంటీఎస్) ప్రమాణంతో టైళ్ల పద్ధతికి అధికారిక రూపమిచ్చింది.

పోర్టళ్లు, చట్టాలు

2003లో అమెరికా ప్రభుత్వం జియోడేటా.గవ్ పోర్టల్ తెరిచింది. 2011లో దాన్ని డేటా.గవ్‌లో కలిపేశారు. యూరప్ సమాఖ్య 2007 మార్చిలో భౌగోళిక సమాచారాన్ని పంచుకోవడంపై ఇన్‌స్పైర్ ఆదేశాన్ని చట్టం చేసింది. దాని కింద 2009లో వచ్చిన నిబంధనలు సేవల నాణ్యతను అంకెల్లో చెప్పాయి: పటం చూపే సేవ 99 శాతం సమయం అందుబాటులో ఉండాలి, 800 × 600 పిక్సెళ్ల స్థాయి చిత్రానికి 5 సెకన్లలోపు స్పందన మొదలవ్వాలి, సెకనుకు 20 అభ్యర్థనలు తట్టుకోవాలి. పటం బాగుందా లేదా అన్న చర్చ నుంచి సేవ నిలబడిందా లేదా అన్న కొలతకు ఈ రంగాన్ని మళ్లించిన ప్రశంసనీయ ప్రయత్నమిది.

2010 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో జియోనోడ్ అనే పోర్టల్ సాఫ్ట్‌వేర్, 2012లో సంస్థలకు చందా పద్ధతిలో ఎస్రీ వారి ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ వచ్చాయి. వీటితో నిర్వహణ సర్వర్ గది దాటి బ్రౌజర్‌లోకి వచ్చింది. చూసేవారు, దిద్దేవారు, ప్రచురించేవారు, నిర్వాహకులు అని పాత్రలు ఏర్పడ్డాయి. పోర్టల్‌లో కనిపించే అంశం వేరు, దాని వెనక నడిచే సేవ వేరు. బయటి సేవను చూపించే అంశాన్ని తొలగిస్తే ఆ సేవకు ఏమీ కాదు. పోర్టలే నిల్వచేసుకున్న లేయర్‌ను తొలగిస్తే సేవ, డేటా కూడా పోతాయి. తొలగింపు నిరోధం అనే గుర్తు పెట్టుకునే సదుపాయం ఇందుకే. గూగుల్ మ్యాప్స్ ఇంజన్ 2016 జనవరిలో మూతపడటంతో, అక్కడ లేయర్లు పెట్టుకున్న సంస్థలు వాటిని వేరేచోటికి తరలించుకోవాల్సి వచ్చింది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

2005 జాతీయ మ్యాప్ విధానం పౌరులకు, రక్షణ అవసరాలకు వేర్వేరు పటాల శ్రేణులను ఏర్పరచింది. 2009 ఆగస్టు 12న ఇస్రో భువన్ పోర్టల్‌ను ఆవిష్కరించింది. దాన్ని నడిపేది హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. ఈ కేంద్రం షాద్‌నగర్ ప్రాంగణంలో ఉపగ్రహాల డేటా అందుకుంటుంది. భూవినియోగం వంటి అంశాల లేయర్లను భువన్ డబ్ల్యూఎంఎస్ రూపంలోనూ ఇవ్వడంతో విద్యార్థులు, పరిశోధకులు వాటిని తమ సాఫ్ట్‌వేర్‌లోకే తెచ్చుకోగలిగారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు భౌగోళిక డేటాకు చాలా అనుమతుల అవసరాన్ని తొలగించాయి. అయితే అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కన్నా కచ్చితమైన డేటా భారతీయ సంస్థల చేతిలో, దేశంలోని సర్వర్లలోనే ఉండాలన్నాయి. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది.

సరిహద్దుల లేయర్‌కు తేదీ ఎందుకు ముఖ్యమో తెలుగు రాష్ట్రాలే చెబుతాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2011 జనాభా లెక్కలు మాత్రం పాత జిల్లాలవే. ‘జిల్లాలు’ అని ఒకే లేయర్ పెట్టి దాన్నే మారుస్తూ పోతే పాత అంకెలు కొత్త హద్దుల్లో ఇమడవు. పాత లేయర్‌ను చెరపకుండా, అమల్లో ఉన్న కాలాన్ని మెటాడేటాలో రాసి, కొత్తదాన్ని పక్కన పెట్టడం సరైన పద్ధతి.

తెలుగు ఊరి పేర్లది మరో సమస్య. చిత్రం గీసేది సర్వర్ కనుక ఒత్తులు, గుణింతాలు కుదురుగా రావాలంటే ఆ తెలివి సర్వర్‌కే ఉండాలి. 2015లో మ్యాప్‌సర్వర్ 7.0 అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని చేర్చుకోవడంతో ఇలాంటి లిపులకు మేలు జరిగింది. 2014లో మ్యాప్‌బాక్స్ ప్రకటించిన, చిత్రం బదులు డేటానే పంపే వెక్టర్ టైళ్ల పద్ధతిలో పేర్లు రాసే పని బ్రౌజర్‌కు మారింది. ఆ కోవ లైబ్రరీలు చాలాకాలం అక్షరాలను విడివిడిగా పేర్చడంతో ‘కర్నూలు’లో ఒత్తు విడిపోయి పక్కన నిలబడేది.

ఇటీవలి పరిణామాలు

2019లో ఓజీసీ ఏపీఐ ఫీచర్స్ ప్రమాణం మొదటి భాగం వచ్చింది. ఎక్స్ఎంఎల్ స్థానంలో వెబ్ డెవలపర్లకు అలవాటైన జేసన్, మామూలు లింకులు ఇందులో చోటు చేసుకున్నాయి. 2022లో ఎస్రీ వారి ఆర్క్‌జీఐఎస్ సర్వర్ 11.0 పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్‌తో ప్రచురించిన సేవలను వదిలేసింది. వాటిని ఆర్క్‌జీఐఎస్ ప్రో పద్ధతిలోకి మార్చుకోవడం పెద్ద పనే అయింది. 2024లో జియోసర్వర్‌లో బయటివారు తమ కోడ్ నడిపించగల తీవ్రమైన లోపం బయటపడింది. అమెరికా సైబర్ భద్రతా సంస్థ దాన్ని దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. అందరికీ తెలిసిన తొలి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సర్వర్ల సంగతి అంతకు ముందు నుంచే ఉన్నది.

పాతికేళ్లు దాటినా డబ్ల్యూఎంఎస్ ప్రభుత్వ పోర్టళ్లలో ఇంకా వాడుకలో ఉంది. టైళ్ల ముందు అది నెమ్మది, కొత్త ఏపీఐల ముందు పాతకాలపుది. అయినా చిరునామా మార్చకుండా, మెటాడేటా వదిలేయకుండా నడిపిన చోట, 2002లో రాసిన అభ్యర్థనకు కొత్త సర్వర్ కూడా జవాబిస్తుంది.