ఓటు అడగకుండా వచ్చిన చట్టం

ఎన్నికల రోజుల్లో రాయ్‌పూర్‌ జైస్తంభ్ చౌక్‌లో కాసేపు నిలబడితే ఛత్తీస్‌గఢ్ హామీలన్నీ చెవిన పడతాయి. వడ్లు క్వింటాలుకు ఎంత, రుణమాఫీ ఎప్పుడు, ఆడవాళ్ల ఖాతాలో నెలకు ఎంత. ‘గర్భస్రావం మీద మీరేమంటారు?’ అని అభ్యర్థిని నిలదీసే మనిషి మాత్రం కనిపించడు.

అమెరికాలో అలా కాదు. అక్కడ పార్టీ అభ్యర్థిని కూడా ఓటర్లే ప్రైమరీలో ఎన్నుకుంటారు. ఇల్లినాయిస్‌లో డేనియల్ లిపిన్‌స్కీ పదిహేనేళ్లు పాతుకుపోయిన డెమొక్రాట్. గర్భస్రావ హక్కుకు వ్యతిరేకి. మతంతో పెద్దగా పట్టింపు లేని ఓటర్లు పెరుగుతూ వచ్చిన ఆ పార్టీలో ఆ మాట ఆయనకు బరువైంది. 2018 ప్రైమరీలో మేరీ న్యూమన్ మీద అంతంతమాత్రం ఆధిక్యంతో గట్టెక్కాడు. 2020లో ఆమె చేతిలోనే ఓడిపోయాడు.

మన దగ్గర టికెట్టు ఓటరు ఇవ్వడు, అధిష్ఠానం ఇస్తుంది. ఆ తేడా ఒకటి. కానీ అసలు సంగతి అంతకంటే పాతది. మనకు ప్రశ్న కంటే ముందే జవాబు వచ్చేసింది.

1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీయడం నేరంగా ఉండేది. మూడేళ్ల జైలు, బిడ్డ కదలిక తెలిశాకైతే ఏడేళ్లు. చేయించుకున్న ఆడదీ ముద్దాయే. దాంతో కడుపు తీయించుకోవడం ఆగలేదు, చాటుకు పోయిందంతే. నాటు మందులకూ చేతకాని చేతులకూ ఎందరో బలయ్యారు. 1964లో కేంద్రం మహారాష్ట్ర ఆరోగ్య మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన కమిటీ వేసింది. 1966 చివర్లో ఆ కమిటీ చట్టం సడలించమంది.

ఆ కమిటీకి ఆడవాళ్ల ప్రాణాల గురించి చింత ఉంది. ఢిల్లీ గాలిలో మాత్రం జనాభా లెక్కలున్నాయి. 1967లో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖకు మంత్రిగా వచ్చిన డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ రాజమండ్రిలో పుట్టినవాడు, వృత్తిరీత్యా జనాభా శాస్త్రజ్ఞుడు. వేసెక్టమీ చేయించుకున్న మగవాడికి ట్రాన్సిస్టర్ రేడియో ఇద్దామన్న ఆలోచన ఆయనదే. పదవి పోయాక, 1974లో, గర్భస్రావం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. గోడల మీద తలకిందులైన ఎర్ర త్రికోణం, అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లల నాలుగు నవ్వు ముఖాలు ఊరూరా వెలసింది ఆ రోజుల్లోనే.

1969లో గర్భస్రావ బిల్లు రాజ్యసభకు వచ్చింది. 1971 ఆగస్టులో చట్టమైంది. ఈ రెంటి మధ్యలో, 1971 మార్చిలో, దేశమంతటా లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. ‘గరీబీ హటావో’ మార్మోగింది. ఎదురుగా పార్లమెంటులో ఉన్న ఈ బిల్లు ఎన్నికల మైదానంలోకి దిగనే లేదు. 1972 ఏప్రిల్ 1న చట్టం అమల్లోకి వచ్చింది, గర్భస్రావం మీద అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన రో తీర్పు కంటే దాదాపు పది నెలల ముందు. అక్కడ కోర్టు దాన్ని హక్కు అంది, అందుకే తగాదా బ్యాలెట్ దాకా పాకింది. ఇక్కడ చట్టం హక్కు అనలేదు. పన్నెండు వారాల దాకా ఒక డాక్టరు, ఇరవై దాకా ఇద్దరు ఒప్పుకోవాలంది. సంతకం డాక్టరుది కనుక తగాదాకు తావు లేకపోయింది.

మరి కడుపు సంగతి ఓటు దాకా ఎన్నడూ రాలేదా? వచ్చింది, వేరే దారిన. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలోనే 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. ఎక్కువమంది మగవాళ్లే. ఉత్తరాదిలో బలవంతపు ‘నస్‌బందీ’ (కు.ని. ఆపరేషన్) అన్న మాట వింటేనే ఊళ్లు ఖాళీ అయ్యేవి. 1977 మార్చి లోక్‌సభ ఎన్నికల్లో మధ్యప్రదేశ్‌లోని 40 సీట్లలో కాంగ్రెస్‌కు మిగిలింది ఒక్కటి. అప్పట్లో ఆ రాష్ట్రంలోనే ఉన్న రాయ్‌పూర్‌లో విద్యాచరణ్ శుక్లా పురుషోత్తం కౌశిక్ చేతిలో ఓడిపోయాడు. పత్రికల్లో ఏది రావాలో, రేడియోలో ఎవరు పాడాలో శాసించిన సమాచార మంత్రి ఆయన. ఆ ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, నస్‌బందీ వాటిలో చిన్నది కాదు. బలవంతం అంతగా సోకని ఆంధ్రప్రదేశ్‌లో అదే కాంగ్రెస్‌కు 42కి 41 వచ్చాయి. చేజారిన ఒక్కటీ నీలం సంజీవరెడ్డి గెలిచిన నంద్యాల.

నాయకులు పాఠం నేర్చుకున్నారు, కాకపోతే సగమే. శాఖ పేరులో ‘నియంత్రణ’ పోయి ‘సంక్షేమం’ వచ్చింది. మగవాళ్ల జోలికి పోవద్దని తెలిసింది. కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. డజనుకు పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు శిబిరాలే ఎత్తేయమంది. 2018లో ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 90కి 68 గెలిచింది. అయితే గెలిపించిన మాట క్వింటాలు వడ్లకు 2,500 రూపాయలు.

అభ్యర్థిని అడిగిన ప్రశ్న ఒకటుంది, అదీ తలకిందులుగానే. ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులంది. కడుపు మీద నీ అభిప్రాయం ఏమిటని కాదు, నీకెందరు పిల్లలని అడిగారు. మూడో కానుపు సర్పంచి పదవికి అడ్డం. ఆ నిబంధనను తీసేసింది 2024లో, అది కూడా పిల్లలు తగ్గిపోతున్నారన్న బెంగతో.

గర్భస్రావ చట్టం మాత్రం పైనుంచే మారుతూ వచ్చింది. 1971లో, గర్భనిరోధక సాధనం విఫలమైందని చెప్పుకునే వీలు పెళ్లయిన ఆడదానికే ఉండేది. 2021 సవరణ అక్కడ ‘పెళ్లయిన’ అన్న మాట కొట్టేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు, ఆ సవరణ కొందరికి ఇచ్చిన 24 వారాల గడువు విషయంలో పెళ్లికాని స్త్రీని వేరుగా చూడొద్దంది. ఈ రెండు మార్పులకూ ఏ నాయకుడూ ఓటు అడగలేదు, ఏ ఓటరూ వెయ్యలేదు. రాయ్‌పూర్ ఆడవాళ్లు నేటికీ గర్భస్రావాన్ని గొంతు తగ్గించి ‘సఫాయి’ (శుభ్రం చేయడం) అనే అంటారు. అలాంటి మాటను మైకు ముందు ఎవరు అడుగుతారు?

2023లో బీజేపీ ఛత్తీస్‌గఢ్‌లో ఇచ్చిన పెద్ద హామీ ‘మహతారీ వందన్’. ఛత్తీస్‌గఢీలో మహతారీ అంటే తల్లి. నెలకు వెయ్యి రూపాయలు. వితంతువులూ విడాకులైనవాళ్లూ అర్హులే. అసలు పెళ్లే కానివాళ్లు కారు. చట్టం కొట్టేసిన ‘పెళ్లయిన’ అన్న మాట మూడేళ్లు తిరగకుండానే హామీ పత్రంలో మళ్లీ కనిపించింది.