టోనరు (చర్మ సంరక్షణ)

టోనరు అనగా ముఖం కడుగుకొన్న తరువాత, మాయిశ్చరైజరు రాసుకొనుటకు ముందు చర్మానికి పూసే పలుచని ద్రవం. తెలుగువారికి చిరపరిచితమైన టోనరు పన్నీరు. గులాబీ రేకులను నీటితో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి దీనిని తయారుచేస్తారు. పెండ్లి పందిరిలో అతిథులపై చిలకరించేదీ, శివునికి అభిషేకించేదీ ఇదే. ఉత్తర ప్రదేశ్ లోని కన్నౌజ్ పట్టణం అత్తర్లతో పాటు పన్నీటికి కూడా ప్రసిద్ధి.

అవసరం

ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలం స్వల్పంగా ఆమ్లగుణం కలది, దాని పి.హెచ్. సుమారు 5. నూనెను క్షారంతో కలిపి చేసే స్నానపు సబ్బుకు పి.హెచ్. 9 నుండి 10 వరకు ఉంటుంది. సబ్బుతో కడిగిన ముఖం బిగుసుకొన్నట్లు అనిపించుటకు ఇది ఒక కారణం. మిగిలిన సబ్బును, క్షారగుణాన్ని తొలగించుటకు టోనరు ఉపకరిస్తుంది. 1968లో అమెరికాలో ప్రారంభమైన క్లినిక్ సంస్థ కడుగుట, లోషనుతో తుడుచుట, తేమనిచ్చుట అను మూడు మెట్ల పద్ధతిని ప్రచారం చేసింది. సున్నిపిండితో నలుగు పెట్టుకొన్న పాతతరం వారికి ఈ సబ్బు చిక్కు లేదు. తలకు వాడిన కుంకుడు రసం కూడా స్వల్పంగా ఆమ్లమే. సబ్బు వాడినా చర్మం కొన్ని గంటలలో తనంతట తానే పూర్వస్థితికి వస్తుంది. నేటి ఫేస్ వాష్ లలో అనేకం చర్మపు పి.హెచ్.కు దగ్గరగానే ఉంటున్నాయి. కావున టోనరు ఐచ్ఛికమే గాని తప్పనిసరి కాదు.

రకాలు

గ్లిసరిను, హైలురోనిక్ ఆమ్లం గలవి పొడి చర్మానికి తేమనిస్తాయి. శాలిసిలిక్ ఆమ్లం గలవి మొటిమలు, జిడ్డు ఉన్నవారికి అనుకూలం. గ్లైకోలిక్ ఆమ్లం మృతకణాలను తొలగిస్తుంది. అయితే చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది కనుక పగటివేళ సన్ స్క్రీన్ రాసుకోవాలి. టోనరు చర్మరంధ్రాలను మూసివేస్తుందన్న ప్రచారం సరికాదు. తలుపుల వలె తెరచి మూయుటకు వాటికి కండరాలు లేవు.

వాడకం, జాగ్రత్తలు

దూదితో గాని శుభ్రమైన అరచేతితో గాని, రుద్దకుండా అద్దుకోవాలి. కాకినాడ జిల్లాలోని పిఠాపురం వంటి, సముద్రానికి చేరువగా ఉన్న ఊళ్ళలో వేసవి ఉక్కపోతకు ముఖం మాటిమాటికీ తుడుచుకోవాలనిపిస్తుంది. ఆల్కహాలు అధికంగా గల టోనరుతో అలా చేస్తే జిడ్డు పోయినట్లున్నా చర్మం పొడిబారి మంట పుడుతుంది. అందుకు చన్నీళ్ళే మేలు.

పన్నీరు పేరుతో అమ్మే వాటిలో కొన్ని కేవలం సుగంధం కలిపిన నీరు. పూజకు, చిలకరించుటకు ఉద్దేశించిన అటువంటి వాటిని ముఖానికి వాడరాదు. నిమ్మరసం పి.హెచ్. సుమారు 2 మాత్రమే. గృహవైద్యంగా ఎంత పేరున్నా దానిని టోనరుగా పూయుట వలన చర్మం కాలినట్లయి మచ్చలు పడవచ్చు. ఏ టోనరునైనా మొదట మోచేతి మడతలో కొద్దిగా పూసి, ఒకటి రెండు రోజులు దద్దురు, దురద రాలేదని చూచిన పిమ్మటే ముఖానికి వాడవలెను.