రంగూను రేవు నేర్పిన పాఠము



కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము మొదలగు రేవులనుండి యొకప్పుడు ఏటేట వేలకొలది తెలుగు కూలివారు పొగయోడల డెక్కుమీద గుమిగూడి రంగూనునకు పోవుచుండెడివారు. వరికోతలకును, బియ్యపుమిల్లుల పనికిని, రేవులో బస్తాలు మోయుటకును బర్మాకు వారు కావలసియుండిరి. గోదావరీముఖమునందలి కోరంగి రేవు పేరు బర్మీయుల నోట నిలిచి, తెలుగువానిని 'కోరంగి' యని పిలుచుట వాడుకయయ్యెను. 1931 జనగణనము ప్రకారము రంగూను జనసంఖ్య 4,00,415. అందు భారతీయులు 2,12,929 మంది. అనగా ఆ పట్టణమున సగముకంటె నెక్కువమంది మనదేశపువారే. ఇందఱు శ్రమజీవులకు అచ్చట దిక్కెవరు? వలసపోయిన కూలివాని హక్కును కాపాడవలసినది పంపిన దేశమా, పిలిచిన దేశమా? ఈ ప్రశ్నను రంగూను చరిత్రవలన విచారింతము.

కూలివాడు తనంత తాను పోలేదు. మేస్త్రీ వానిని తీసికొనిపోయెను. మేస్త్రీ పల్లెకు వచ్చి, ఓడఛార్జికిని ఇంటిఖర్చునకును ముందుగా పైకము చేతబెట్టి, ఆ బాకీతో వానిని కట్టివేయును. రంగూనులో యజమాని యిచ్చు కూలి తిన్నగా కూలివాని చేతికి రాదు. గుత్తదారునినుండి పెద్దమేస్త్రీకి, వానినుండి జట్టుమేస్త్రీకి దిగివచ్చునప్పటికి మెట్టుమెట్టునను కొంత తరిగిపోవును. అప్పు తీరువఱకు మేస్త్రీని విడిచి పోవుటకు వీలులేదు.

అప్పటి చట్టమునందు విచిత్రమైన లోపమొకటి యుండెను. ఒప్పందపు కూలీలుగా ఫిజీ మొదలగు దూరద్వీపములకు జనులను పంపుట, ప్రజల ఆందోళనమువలన 1917లో నిలిచిపోయెను. పిమ్మట 1922లో వచ్చిన వలసచట్టము ప్రకారము, చేతిపని నేర్వని కూలివారిని విదేశమునకు పంపవలెనన్న ఆ దేశముతో ముందుగా షరతులు కుదురవలెను. ఆ రీతినే సింహళమునందును మలయాయందును భారత ప్రభుత్వపు ఏజెంట్లు నియమింపబడిరి. వారు తోటలు తిరిగి చూచిరి, ఫిర్యాదులు వినిరి, వేతనములను గూర్చి వాదించిరి. సింహళమున 1927లో కనీసవేతన శాసనము వచ్చెను. మలయాలో తోటలవారు కూలిరేటు తగ్గింపగా, 1938లో భారత ప్రభుత్వము అచ్చటికి కూలీలను పంపుట ఆపివేసెను. ఈ రక్షణ సంపూర్ణమైనదని చెప్పరాదు; కాని కూలివాని పక్షమున మాటలాడుటకు ఒక గొంతుక యైనను ఉండెను.

బర్మా మాత్రము 1937 వఱకు బ్రిటిషు ఇండియాలో భాగము. కాబట్టి బంగాళాఖాతము దాటినను, చట్టము దృష్టిలో తెలుగు కూలి విదేశమునకు పోయినవాడు కాడు. వానికి ఏజెంటు లేడు; షరతులు లేవు. పరాయిదేశములో స్వదేశీయుడని పేరు, స్వదేశపు రక్షణ మాత్రము సున్న.

దీని ఫలము 1930 మే నెలలో కనబడెను. తెలుగు రేవుకూలీలు కూలి పెంపుమని సమ్మె కట్టిరి. గుత్తదారులు వారికి బదులుగా బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమైనంతనే ఆ బర్మీయులను పొమ్మనిరి. మే 26వ తేదీన రేవులో మొదలైన కొట్లాట పట్టణమంతటను వ్యాపించెను. నూఱుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో హెచ్చుమంది భారతీయులు. దీనిని జాతివైరమని చెప్పుట సులభము. కాని ఉభయులును కడుపుకూటికై రేవునకు వచ్చినవారే. ఒకని పస్తును చూపి మఱియొకని కూలిని అణచిన పద్ధతికి ఇరువురును బలియైరి.

1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేఱుపడెను. 1938లో మరల అల్లరులు చెలరేగెను. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వములు వలసలను గూర్చి ఒప్పందము చేసికొనెను. కాని కూలివాని వేతనముకంటె వాని రాకను పరిమితము చేయుటయే దానికి ముఖ్యచింత. మహాత్మాగాంధి దానిని ఖండించెను. ఒప్పందము చక్కబడునంతలోనే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై బాంబులు పడెను. కాలినడకను కొండలు, అడవులు దాటి లక్షలకొలది భారతీయులు స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలికిని, కలరాకును దారిలోనే రాలిపోయినవారు వేలమంది.

ఈ కథ రంగూనుతో ముగిసినది కాదు. ఓడకు బదులు విమానము వచ్చెను; మేస్త్రీకి బదులు ఏజెంటు వచ్చెను; కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములవారు అప్పుచేసి గల్ఫుదేశములకు పోవుచున్నారు. అచ్చట మనవారితోబాటు నేపాలు, బంగ్లాదేశము, పాకిస్థాను, ఫిలిప్పీన్సుల కూలీలును ఉన్నారు. ఒక దేశము తనవారికి మంచి వేతనము కోరినచో, పని మఱియొక దేశపువారికి పోవునను భయము కలదు. గల్ఫునకు పోవు మనవారికై తాను నిర్ణయించిన కనీసవేతనములను భారత ప్రభుత్వము 2020లో తగ్గించెను. పనులు పోకుండుటకే యని చెప్పెను. విమర్శలు రాగా 2021లో పూర్వపు రేట్లను మరల నిలిపెను. రంగూను రేవునందలి పోటీయే ఇప్పుడు దేశముల నడుమ జరుగుచున్నది.

ఈ పోటీకి విరుగుడు కూడి మాటలాడుటయే. కూలీలను పంపు ఆసియాదేశములు పది 2003లో కొలంబోలో సమావేశమై ఉమ్మడి చర్చలు ప్రారంభించినవి. 2008లో అబుదాబిలో గల్ఫుదేశములును వారితో కూర్చుండినవి. ఈ సమావేశముల తీర్మానములు ఎవరిని నిర్బంధించునవి కావు. అదియే వాని దౌర్బల్యము. అయినను కూలిని పంపువారును, పిలుచువారును ఒకే బల్లచుట్టు కూర్చుండుట 1930లో తెలుగు కూలికి దొరకని భాగ్యము.

నియామకపు ఖర్చు యజమాని భరించుట, వేతనము మధ్యవర్తి చేతికి కాక కూలివాని చేతికే అందుట, ఏ దేశపువాడైనను ఒకే పనికి ఒకే కనీసవేతనము దొరకుట, ఈ మూడింటిని అన్ని దేశములును కలిసి పట్టుపట్టినగాని ఏ యొక్క దేశమును సాధింపజాలదు. కూలివాడు సముద్రమును ఒక్కడే దాటును. వాని హక్కును కాపాడుటకు మాత్రము రెండు తీరములును చేయి కలుపవలెను. రంగూను రేవు మనకు నేర్పిన పాఠమిదియే.