ఎవరి స్వర్ణయుగం?

పాత కామిక్స్ సేకరించేవాళ్లు చరిత్రను లోహాలతో కొలుస్తారు. 1938లో సూపర్‌మ్యాన్‌తో స్వర్ణయుగం, 1956లో ఫ్లాష్ మళ్లీ రావడంతో రజతయుగం, 1970 ప్రాంతంలో కాంస్యయుగం. వీరుడొస్తేనే యుగం మొదలవుతుంది, మన సాహిత్య చరిత్రల్లోని నన్నయ యుగం, శ్రీనాథ యుగంలాగే. మరి 1947లో 'యంగ్ రొమాన్స్'తో మొదలై, ఆడపిల్లలు విరగబడి చదివిన ప్రేమకథల కామిక్స్ ఏ యుగానివి? అవి రెండు యుగాల నడుమ ఖాళీలో పడిపోయాయి. అదే ఏడాది జులైలో మద్రాసులో 'చందమామ' పుట్టింది. దాని సంచికలను ట్రంకుపెట్టెల్లో దాచిన అమ్మలు, అమ్మమ్మలు ఏ చరిత్రలోనూ లేరు. ఉప్పల్, నాచారం పాత పేపర్ల కొట్లలో అన్ని పత్రికలదీ కిలో లెక్కే. వాటిలో ఏది చరిత్రో, ఏది చిత్తుకాగితమో తేల్చేది ధర కట్టేవాళ్లే. రాసిన, చదివిన, దాచిన స్త్రీలను బట్టి యుగాలు విభజిస్తే 1947 ఖాళీ కాదు, ఒక మొదలు. ఆ విభజన మనమే చేసుకోవాలి.