శిలకు ప్రతిరూపము



మన ఘణపుర దుర్గమునకు దక్షిణముగా, కృష్ణా తుంగభద్రల సంగమస్థలియగు కూడవెల్లిలో బాదామి చాళుక్యులు సంగమేశ్వరాలయమును నిర్మించిరి. శ్రీశైల జలాశయమున అది మునుగనుండగా, ముందే ప్రతి శిలకును సంఖ్య వేసి, విప్పి, అలంపురమున మరల నిలిపిరి.

నేడు డిజిటల్ స్కానింగ్ యంత్రము శిలను తాకకయే కాంతితో దాని ప్రతి వంపును కొలుచును. ఆ కొలతలతో ప్రతిరూపమును చెక్కి ప్రజలకు చూపవచ్చును. సిరియా దేశపు పాల్మైరా తోరణము 2015లో ధ్వంసమైన పిదప ఛాయాచిత్రములే ఆధారములైనవి. వానితో చెక్కిన ప్రతిరూపము 2016లో లండనులో నిలిచినది.

దానిని పూజింపవచ్చునా యందురేమో! ప్రాణప్రతిష్ఠ లేని రూపము దర్శనీయమే గాని అర్చనీయము కాదు. అయినను శిల్పి తపస్సును భావితరములకు తెలుపును. కనుక శిల చెక్కుచెదరక యుండగనే కొలత తీయించుట మన ధర్మము.

శుభం భూయాత్.